ఐసీయూలో మత్తు: ఎంత, ఎందుకు, ఎప్పటిదాకా?

ఐసీయూ తలుపు ముందు కూర్చున్న తెలుగువాళ్ల మనసులో తిరిగే అనుమానం దాదాపు ఒకటే. లోపలి మనిషి బతికే ఉన్నాడా, బిల్లు కోసం వెంటిలేటర్ మీద ఉంచారా? 2003లో వచ్చిన ‘ఠాగూర్’ సినిమాలో శవానికి వైద్యం చేసే సన్నివేశం చూశాక ఆ అనుమానం మరీ గట్టిపడింది. డాక్టర్ని నిలదీసేది దాని గురించే, గొడవలు జరిగేదీ దాని మీదే. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. బతికి ఉన్న మనిషిని ఎంత లోతు మత్తులో ఉంచారు? ఎందుకు ఉంచారు? ఎప్పుడు తగ్గిస్తారు?

వెంటిలేటర్ మీదున్న రోగికి అవసరానికి మించిన మత్తు రోజుల తరబడి ఎక్కిస్తే ఆ మనిషి యంత్రం నుంచి ఆలస్యంగా బయటపడతాడు. కండ కరిగిపోతుంది. మతి చెదురుతుంది. కోలుకోవాల్సినవాళ్లలో కొందరు కోలుకోరు. ఇది పాతికేళ్లుగా ఒక్కో పరిశోధనతో రుజువవుతూ వచ్చిన సంగతి. అయినా పెద్ద నగరాల నుంచి జిల్లా కేంద్రాల దాకా ఎన్నో ఐసీయూల్లో సిరంజి పంపు ఒకసారి మొదలైతే దాన్ని ఎవరు ఆపాలో, ఎప్పుడు ఆపాలో కేస్ షీట్‌లో రాసి ఉండదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

కౌన్సెలింగ్ గదిలో తరచూ వినపడే మాట ఇది: “పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదండీ, ట్యూబ్ పీక్కుంటున్నారు, అందుకే మత్తు పెట్టాం.” వింటున్న కొడుకో కూతురో తల ఊపుతారు. “పోనీలెండి డాక్టర్‌గారూ, బాధ తెలియకుండా నిద్రపోనివ్వండి” అని వాళ్లే అంటారు. చెప్పినవాళ్లదీ విన్నవాళ్లదీ మంచి ఉద్దేశమే. కానీ గొంతులో గొట్టం ఉన్న మనిషి పెనుగులాడుతున్నాడంటే నోటితో చెప్పలేనిది ఒంటితో చెబుతున్నాడని అర్థం. నొప్పి కావచ్చు. ఆక్సిజన్ పడిపోయి ఉండవచ్చు, షుగరు పడిపోయి ఉండవచ్చు. మూత్రం గొట్టం మూసుకుపోయి పొత్తికడుపు ఉబ్బి ఉండవచ్చు. శ్వాసగొట్టం జరిగి ఉండవచ్చు. ఇవేవీ చూడకుండా మిడజోలం డోసు పెంచితే పెనుగులాట ఆగుతుంది, కారణం ఆగదు. షుగరు 40కి పడిపోయిన మెదడైతే ఆ ప్రశాంతతలోనే దెబ్బతింటుంది.

బయటివాళ్లకు అన్నీ ఒకేలా కనిపించినా మంచం పక్కన వరసగా ఉన్న పంపుల్లో మూడు రకాల మందులు ఉంటాయి. ఫెంటనిల్, మార్ఫిన్ లాంటివి నొప్పిని తగ్గిస్తాయి. మిడజోలం, ప్రొపోఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ లాంటివి మత్తు కలిగిస్తాయి. అట్రాక్యూరియం, వెక్యురోనియం, రోక్యురోనియం లాంటివి కండరాలను కదలకుండా చేస్తాయి. మొదటి రకం ఇవ్వకుండా రెండో రకం మాత్రమే ఇస్తే మనిషి మగతలో ఉంటాడు గాని నొప్పి పోదు. మిడజోలానికి నొప్పిని తగ్గించే గుణం లేదు. అందుకే ముందు నొప్పి సంగతి చూసి, ఆ తర్వాత కూడా అవసరమైతేనే మత్తు ఇవ్వాలని అమెరికా క్రిటికల్ కేర్ మెడిసిన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మూడో రకం గురించి ఇంకాస్త చెప్పాలి. కండరాలను స్తంభింపజేసే మందుకు నొప్పితోనూ స్పృహతోనూ సంబంధం లేదు. మత్తు చాలకుండా దాన్ని ఇస్తే మనిషికి అన్నీ వినపడతాయి, అన్నీ తెలుస్తాయి, కనురెప్ప కూడా కదలదు. సొంతంగా ఊపిరి తీసుకోవడమూ సాధ్యం కాదు. వెంటిలేటర్ లేని చోట ఇది పొరపాటున ఒంట్లోకి వెళితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో జరిగింది ఇదే. తలలో రక్తస్రావంతో చేరిన 75 ఏళ్ల మహిళ కోలుకుంటున్నారు. స్కానింగుకు పంపారు. ఇరుకు యంత్రంలో పడుకోవడానికి భయపడుతున్నారని కొంచెం మత్తు ఇవ్వమన్నారు. రాసింది వెర్సెడ్ అనే బ్రాండ్ పేరు, అంటే మన మిడజోలమే. నర్సు మందుల బీరువా కంప్యూటర్‌లో ఆ పేరులోని మొదటి రెండు ఇంగ్లిషు అక్షరాలు కొట్టారు. బీరువాలో ఆ మందు మిడజోలం పేరుతో ఉండటంతో దొరకలేదు. తనిఖీ దశను దాటవేసే మీట నొక్కి మళ్లీ వెతికితే అవే రెండు అక్షరాలతో మొదలయ్యే వెక్యురోనియం వచ్చింది. మిడజోలం ద్రవంగా ఉంటుంది, ఇది పొడి, నీళ్లు కలపాలి. మూత మీద ఇది కండరాలను స్తంభింపజేసే మందు అని హెచ్చరిక కూడా ఉంది. అన్నీ కళ్ల ముందే ఉన్నా చూపు పడలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక రోగిని గమనించడానికి మానిటర్ లేదు, మనిషీ లేరు. ఎవరో చూసేసరికి శ్వాస ఆగిపోయి ఉంది. ఆమె మర్నాడు చనిపోయారు. 2022 మార్చిలో జ్యూరీ ఆ నర్సును నేరపూరిత నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు దోషిగా తేల్చింది. మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష పడింది.

ఆ తీర్పు మీద అమెరికా నర్సులు గగ్గోలు పెట్టారు. తప్పు ఒప్పుకున్నవాళ్లను జైలుకు పంపుతామంటే రేపటి నుంచి ఎవరూ తప్పు బయటపెట్టరని వాళ్ల వాదన. నాకు అందులో న్యాయం కనిపిస్తుంది. అక్కడ కంప్యూటర్ బీరువా, బార్‌కోడ్, రాతపూర్వక నియమాలు ఉన్న ఆసుపత్రిలోనే ఇంత జరిగింది. మన దగ్గర అటెండెంట్ ఇండెంట్ చీటీ పట్టుకుని కింద ఫార్మసీకి పరుగెత్తి, కవరు నిండా మందులు తెచ్చి, సిస్టర్ చేతికిస్తాడు. ఆ కవర్లో మిడజోలమూ అట్రాక్యూరియమూ పక్కపక్కనే ఉంటాయి. నైట్ డ్యూటీకి సిద్ధంగా ఉంటాయని సిరంజిలు ముందే నింపి, ట్రేలో పెట్టుకోవడం చాలాచోట్ల అలవాటు. పేరు రాయని సిరంజి ఐసీయూలో ఉండనే కూడదు. కండరాలను స్తంభింపజేసే మందులు వేరే పెట్టెలో, ఎర్ర చీటీ అంటించి ఉంచాలి. ఎక్కించే ముందు ఇద్దరు చూడాలి. దీనికి కోట్లు ఖర్చు కాదు.

రాత్రి వేళ జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో తరలించే రోగుల సంగతి ఇంకా అధ్వానం. దారిలో గొట్టం ఊడిపోకూడదని బయల్దేరే ముందు కండరాల మందు ఇచ్చి పంపుతారు. రెండు మూడు గంటల ప్రయాణంలో మత్తు మందు ప్రభావం తగ్గిపోయినా ముఖం మీద ఏ మార్పూ కనపడదు. గుండె వేగం, బీపీ పెరగడమే ముఖ్యమైన గుర్తు. ఆ గుర్తు పట్టగలిగినవాళ్లు అంబులెన్సులో ఉన్నారా? బంధువులు బయల్దేరే ముందే అడగాల్సిన మాట ఇది. నొప్పికీ మత్తుకూ ఏం ఇచ్చారు, దారిలో ఎవరు చూస్తారు, రాసి ఇచ్చారా?

ఇలా కదలికలేని ఒంట్లో మెలకువగా ఉండటం మన పల్లెలకు కొత్తేమీ కాదు. కట్లపాము కాటు అలాంటిదే. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలూ పడిపోతాయి. విషం వల్ల కంటిపాప కూడా వెలుగుకు స్పందించకపోవచ్చు. చూసినవాళ్లు ‘బ్రెయిన్ డెడ్’ అనుకునే ప్రమాదం ఉంది. లోపల మాత్రం మనిషి వింటూ ఉంటాడు. సకాలంలో వెంటిలేటర్ అందితే చాలామంది నడుచుకుంటూ ఇంటికి వెళతారు. అలాంటి మనిషి మంచం పక్కన నిలబడి ఖర్చు గురించీ చావు గురించీ మాట్లాడుకోకండి. పేరుపెట్టి పిలిచి, ఎక్కడున్నాడో, ఏమైందో చెప్పండి.

ఇక మత్తు లోతు సంగతి. 2000 సంవత్సరంలో షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు వెంటిలేటర్ మీదున్న 128 మందితో ఒక ప్రయోగం చేశారు. సుమారు సగం మందికి రోజుకోసారి మత్తు పూర్తిగా ఆపి, మేలుకునేదాకా చూసి, అవసరమైతేనే మళ్లీ మొదలుపెట్టారు. వాళ్లు వెంటిలేటర్ మీద గడిపిన కాలం మధ్యస్థంగా 4.9 రోజులు, మిగతావాళ్లకు 7.3 రోజులు. ఐసీయూలో ఉన్న కాలం 9.9 రోజుల నుంచి 6.4కి తగ్గింది. 2008లో 336 మందితో చేసిన మరో అధ్యయనంలో, పొద్దున్నే మత్తు ఆపి చూడటాన్నీ, సొంతంగా ఊపిరి తీసుకోగలరేమో పరీక్షించడాన్నీ జతచేశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు ఆ వర్గంలోనే ఎక్కువ. దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. మత్తు ఆపిన వర్గంలో గొట్టం పీకేసుకున్నవాళ్లూ ఎక్కువే. అయితే మళ్లీ గొట్టం వేయాల్సి రావడం మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉంది. గొట్టం పీక్కున్నవాళ్లలో చాలామందికి దాని అవసరం అప్పటికే తీరిపోయి ఉందన్నమాట!

మొదటి రెండు రోజులు మరీ కీలకం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో జరిపిన పరిశీలనలో మొదటి 48 గంటల్లో లోతు మత్తులో ఉంచినవాళ్లకు గొట్టం తీయడం ఆలస్యమైంది, మరణాలూ ఎక్కువగా కనిపించాయి. మనవాళ్లు మొదటి రెండు రోజులు ‘ప్రాణాపాయం తప్పనీ, తర్వాత చూద్దాం’ అనుకుంటారు. ఆ ‘తర్వాత’కు మూల్యం ముందే చెల్లించేసి ఉంటాం. మంచాన పడిన మనిషి కండ కరగడం కూడా అంతే వేగంగా జరుగుతుంది. లండన్‌లో కొలిచి చూసినప్పుడు పది రోజుల్లో తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం సుమారు 18 శాతం తగ్గింది. మత్తు తగ్గించి, వెంటిలేటర్ మీద ఉండగానే కూర్చోబెట్టడం, కాళ్లు కదిలించడం మొదలుపెట్టినవాళ్లలో 59 శాతం మంది ఇంటికి వెళ్లేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. అలా చేయనివాళ్లలో ఆ సంఖ్య 35 శాతమే. 2009లో వచ్చిన ఫలితం ఇది.

మత్తు లోతును కొలవడానికి ఒక కొలబద్ద ఉంది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో 2002లో రూపొందిన దాన్ని రాస్ స్కోరు అంటారు. యంత్రం అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, నర్సు నిమిషంలో చూసి రాయవచ్చు. ప్రశాంతంగా మెలకువతో ఉంటే సున్నా. పిలిస్తే కళ్లు తెరిచి కాసేపు చూసి మళ్లీ మగతలోకి జారుకుంటే మైనస్ 1 లేదా మైనస్ 2. పిలుపుకు కదలికే గాని చూపు కలపకపోతే మైనస్ 3. పిలిచినా పలకక, తట్టినప్పుడే కదిలితే మైనస్ 4. గట్టిగా నొక్కినా చలనం లేకపోతే మైనస్ 5. అటువైపు ప్లస్ 4 అంటే కొట్టేంత ఉద్రేకం. ఎక్కువమంది రోగులకు సున్నాకీ మైనస్ 2కీ మధ్య ఉంటే చాలు. కేస్ షీట్‌లో ఈ అంకె రోజుకు నాలుగైదుసార్లయినా లేకపోతే ఆ ఐసీయూలో మత్తును అంచనా మీద నడుపుతున్నట్టే. బీపీ చూడకుండా బీపీ మందు పెంచితే ఊరుకుంటామా?

ఒక్కో మందుకూ ఒక్కో ఆపద ఉంది. మిడజోలం చవక, బీపీని ప్రొపోఫాల్ అంతగా పడెయ్యదు, అందుకే మన దగ్గర ముందుగా చేతికందే మందు అయిపోయింది. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో దాని అవశేషాలు పేరుకుని, పంపు ఆపిన రోజుల తర్వాత కూడా మనిషి లేవడు. వృద్ధుల్లో, లివర్ చెడినవాళ్లలోనూ అంతే. డయాలసిస్ మీదున్న రోగి మేలుకోవట్లేదంటే మెదడు దెబ్బతిన్నదని నిర్ణయించే ముందు, ఒంట్లో మిగిలిన మత్తు ఎంత అన్నది లెక్క చూడాలి. తొందరపడి ఆశ వదులుకున్న కుటుంబాలు ఎన్నో ఉంటాయని నా అనుమానం.

ప్రొపోఫాల్ పేరు 2009లో మైకేల్ జాక్సన్ మరణంతో జనానికి తెలిసింది. ఇంట్లో, తగిన పరికరాలు లేకుండా, నిద్ర కోసం ఇచ్చిన మందు అది. ఐసీయూలో అది మంచి మందే, త్వరగా దిగిపోతుంది. కానీ గంటకు కిలోకు 4 మిల్లీగ్రాములకు మించి, రెండు రోజులు దాటి ఎక్కిస్తే ఒంట్లో ఆమ్లం పెరిగి, కండరాలు విచ్ఛిన్నమై, గుండె ఆగిపోయే అరుదైన స్థితి రావచ్చు. 1992లో బ్రిటన్‌లో ఐదుగురు పిల్లల మరణాలతో ఈ సంగతి గట్టిగా బయటపడింది. అది సోయా నూనెతో చేసిన తెల్లటి మందు కాబట్టి సూక్ష్మజీవులకు మంచి ఆహారం. తెరిచిన సీసా, దాని గొట్టం 12 గంటల్లో మార్చేయాలి. సగం మిగిలింది కదా అని రేపటికి దాస్తే రక్తంలోకి ఇన్ఫెక్షన్ ఎక్కించినట్టే. డెక్స్‌మెడిటోమిడిన్ శ్వాసను అంతగా అణచదు, పిలిస్తే పలుకుతారు. అందువల్ల ఇప్పుడు దాని వాడకం పెరిగింది. గుండె వేగం పడిపోవడం దాని ముఖ్యమైన చిక్కు. 65 ఏళ్లలోపు ఐసీయూ రోగుల్లో దీని వల్ల మరణాలు పెరిగే అవకాశం ఉందని 2022లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కొత్తది కాబట్టి క్షేమం అనుకోవడానికి లేదు.

మత్తు మందుల వల్ల కూడా మెదడులో రేగే గందరగోళాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఇంట్లో మన పెద్దవాళ్లు సంధి అనేవారు. గోడ మీద పాములున్నాయంటారు, కన్నకూతుర్ని గుర్తుపట్టరు. ఇంకొందరు అరవరు, కేకలేయరు, కళ్లు తెరిచి శూన్యంలోకి చూస్తూ ఉంటారు. రెండో రకాన్ని ‘బాగా నెమ్మదించారు’ అని పొరబడతారు. అమెరికాలో 821 మందిని ఏడాదిపాటు వెంబడించిన అధ్యయనంలో 74 శాతం మందికి ఆసుపత్రిలో ఉండగా డెలీరియం వచ్చింది. మూడు నెలల తర్వాత 40 శాతం మంది జ్ఞాపకశక్తి, ఆలోచన ఒక మోస్తరు తల గాయం తగిలినవాళ్ల స్థాయిలో ఉన్నాయి. నలుగురిలో ఒకరికి తేలికపాటి అల్జీమర్స్ స్థాయిలో. అందులో పడుచువాళ్లూ ఉన్నారు. డెలీరియానికి మందు వేస్తే పోతుందా అంటే, హలోపెరిడాల్‌తో ప్రయోజనం లేదని 2018లో తేలింది. కాబట్టి రాకుండా చూసుకోవడమే దారి.

కరోనా కాలంలో ఇదంతా పెద్ద ఎత్తున కళ్లకు కట్టింది. 14 దేశాల్లో 2,088 మంది రోగులను పరిశీలిస్తే 64 శాతం మందికి మిడజోలం జాతి మందులు వాడారు, సగం మందికి పైగా డెలీరియం వచ్చింది. ఇంటివాళ్లను స్వయంగా గాని ఫోన్ తెర మీద గాని చూసినవాళ్లకు ఆ ముప్పు తక్కువగా ఉంది. మన ఐసీయూల్లో పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, అద్దంలోంచి చూసి వెళ్లిపోండి అంటారు. ఇన్ఫెక్షన్ భయం చూపిస్తారు. చేతులు కడిగించి, గౌను తొడిగించి, ఒక మనిషిని మంచం దగ్గర కూర్చోనిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఆదిలాబాద్ పల్లె నుంచి వచ్చిన ముసలాయనకు చుట్టూ వినపడేవి మలయాళమో హిందీయో ఇంగ్లిషో అయితే, ‘నాన్నా, నేనే, ఆసుపత్రిలో ఉన్నాం, ఇవాళ మంగళవారం’ అని కూతురు చెప్పే మాట ఏ ఇంజెక్షనూ చేయలేని పని చేస్తుంది. కళ్లజోడు, వినికిడి మిషన్ బ్యాగులో పెట్టి ఇంటికి తీసుకెళ్లిపోకండి. అవి రోగి దగ్గరే ఉండాలి.

ఇప్పుడు తెలంగాణ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యం. 2015లో ఎక్సైజు దాడులు పెరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం వణుకుతో, పిచ్చిమాటలతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల ముందు బారులు తీరారు. అలాంటి మనిషి లారీ ప్రమాదంలో కాలు విరిగో న్యుమోనియాతోనో ఐసీయూలో చేరాడనుకోండి. రెండో రోజో మూడో రోజో వణుకు, కేకలు మొదలవుతాయి. డాక్టరు కారణం తెలియక తంటాలు పడతాడు. “మా ఆయన తాగడు సార్, ఎప్పుడన్నా పండక్కి” అని భార్య అంటుంది. పరువు కోసం చెప్పిన ఆ అబద్ధం ప్రాణం మీదికి తెస్తుంది. కల్లు, సారా, విస్కీ, రోజూ వేసుకునే నిద్రమాత్ర, గంజాయి, నొప్పికి వాడే ట్రమడాల్, ఏదైనా సరే, ఎంత, ఎప్పటినుంచి, ఆఖరిసారి ఎప్పుడు అన్నది చేరిన రోజే చెప్పాలి. బంధువుల ముందు చెప్పలేకపోతే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. ఇంతసేపూ నేను తిట్టిన మిడజోలం జాతి మందే ఈ రోగికి సరైన మందు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి.

పురుగుమందు తాగినవాళ్ల సంగతి కూడా ఇలాంటిదే. గుంటూరు, వరంగల్ ఐసీయూలకు ఇది రోజువారీ కేసు. వాళ్లకిచ్చే అట్రోపిన్ ఎక్కువైతే జ్వరం, ఉద్రేకం, పిచ్చిచేష్టలు వస్తాయి. అప్పుడు ముందు అట్రోపిన్ లెక్క సరిచేయాలి, ఆ తర్వాతే మత్తు గురించి ఆలోచించాలి.

ఇదంతా చదివి ‘మా వాళ్లకు మత్తు వద్దు’ అని రేపు పొద్దున్నే గొడవకు దిగకండి. ఆగని ఫిట్స్, తలలో పెరిగిన ఒత్తిడి, ధనుర్వాతం, ఊపిరితిత్తులు బాగా బిగుసుకుపోయి బోర్లా పడుకోబెట్టాల్సిన స్థితి, వీటిలో లోతు మత్తు తప్పదు. కండరాల మందు నడుస్తున్నంత సేపు మత్తు ఆపడం క్రూరత్వం. 2020లో స్కాండినేవియాలో 700 మందితో చేసిన ప్రయోగంలో అసలు మత్తే ఇవ్వనివాళ్లకూ, తేలిక మత్తు ఇచ్చి రోజూ ఆపి చూసినవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే తేలిక మత్తు చాలు, సున్నా చేయాలని పంతం అక్కర్లేదు. వారం దాటి ఎక్కించిన మత్తును మెల్లమెల్లగా తగ్గించాలి, అప్పటికప్పుడు తెంచేస్తే ఒళ్లు తిరగబడుతుంది.

డాక్టర్లకు దురుద్దేశం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ప్రమాణం. రాత్రిపూట ఒక సిస్టర్ ముగ్గుర్నో నలుగుర్నో చూసుకుంటుంటే, మెలకువగా ఉండి చేతులు ఆడించే రోగిని భరించే ఓపిక ఎక్కడిది? మందుతో పడుకోబెట్టడం, చేతులు మంచానికి కట్టేయడం అక్కడి నుంచే వస్తాయి. నర్సు జీతాల్లో మిగిల్చిన డబ్బు అదనపు ఐసీయూ రోజుల రూపంలో రోగి బిల్లులో తేలుతుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద ఐసీయూ కేసులకు డబ్బు చెల్లించే ప్రభుత్వాలు రాస్ స్కోరు చార్టు, రోజువారీ మత్తు విరామం నమోదు, రాత్రి షిఫ్టు నర్సుల హాజరు చూపిస్తేనే బిల్లు పాస్ చేస్తామనాలి. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ తనిఖీల్లో మంచాలూ మానిటర్లూ లెక్కపెట్టే అధికారులు ఈ కాగితాలూ అడగాలి. ఆ అడగడం ఈ నెలే మొదలుకావచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

కుటుంబాలు చేయగలిగింది కూడా తక్కువేం కాదు. రోజూ డాక్టరుతో మాట్లాడే పని ఒక్కరికే అప్పగించండి. పదిమంది పది రకాలుగా అడిగితే సమాధానం ఎవరికీ దక్కదు. ఆ ఒక్కరూ మర్యాదగా, నోట్‌బుక్ పట్టుకుని అడగాలి: నొప్పికి విడిగా ఏమిస్తున్నారు, ఇవాళ రాస్ స్కోరు ఎంత, ఎంత ఉండాలని పెట్టుకున్నారు, పొద్దున మత్తు ఆపి చూశారా, చూడకపోతే కారణమేంటి, కిడ్నీ రిపోర్టును బట్టి డోసు మార్చారా, ఊపిరి పరీక్ష ఎప్పుడు? మంచి ఐసీయూ డాక్టరుకు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. అడిగే బంధువు దొరికాడని కొందరు సంతోషిస్తారు కూడా. విసుక్కుంటే కేస్ షీట్ నకలు అడగండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం చేరి ఉండగానే, వీలైనంతవరకు 24 గంటల్లో, ఆ కాగితాలు చూపించాలి. ఒక్కటి మాత్రం చేయకండి. పాపం నిద్రపట్టట్లేదని ఇంటి నుంచి తెచ్చిన నిద్రమాత్రను ఎవరికీ తెలియకుండా నోట్లో వేయకండి.

డిశ్చార్జి రోజు హడావుడిలో ఇంకో ఆపద ఇంటికి వస్తుంది. ఐసీయూలో ఉద్రేకం తగ్గడానికి మొదలుపెట్టిన క్వెటియాపిన్, హలోపెరిడాల్, క్లొనజెపాం లాంటి మాత్రలు చీటీలో అలాగే ఉండిపోతాయి. ఊళ్లో మెడికల్ షాపువాడు అదే చీటీ మీద నెలల తరబడి ఇస్తూ పోతాడు. అమ్మ రోజంతా కునుకుతూ ఉంటే ‘ఐసీయూ నుంచి వచ్చింది కదా, నీరసం’ అనుకుంటారు. బాత్రూంలో పడి తుంటి విరిగాక గాని ఆ మాత్ర మీద అనుమానం రాదు. చీటీలో ప్రతి మందు పక్కనా ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరు ఆపుతారు అని రాయించుకోండి. మీ అంతట మీరు ఒక్కరోజులో మానేయకండి, మొదటి రివ్యూలోనే తగ్గించే పద్ధతి అడగండి. మందు వల్లే ఏదైనా కీడు జరిగిందని అనిపిస్తే దేశ ఔషధ భద్రతా విభాగం ఉచిత ఫోన్ నంబరు 1800 180 3024. రోగి బంధువులు కూడా ఆ నంబరుకు చెప్పవచ్చు.